ఊడొచ్చే తెర

లింగయ్యకు మాటలు తక్కువ. పెళ్లయిన కొత్తలో అత్తగారు కూతుర్ని పక్కకు పిలిచి, "ఏందే ఈరమ్మా, పిల్లడు మూగోడా ఏంది?" అని అడిగింది. "మూగోడు గాదమ్మా. మాట్లాడడు, గంతే" అంది ఈరమ్మ. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట మారలేదు. మక్తల్ దిక్కునుంచి వచ్చి, మాదాపూర్‌లో గుట్టలు పగలగొట్టి మేడలు లేపుతున్న రోజుల్లో ఇద్దరూ ఒకే మేస్త్రీ దగ్గర తట్టలు మోశారు. ఆమె మాట్లాడేది, ఆయన వినేవాడు. ఆమె కోప్పడేది, ఆయన బీడీ ముట్టించేవాడు. ఇద్దరికీ సరిపోయింది.

అలాంటి మనిషి ముసలితనంలో రోజూ సాయంత్రం మాట్లాడడం మొదలుపెట్టాడు. అదీ ఫోనులో. అదీ ఇంకా నడక కూడా రాని పసిపిల్లతో.

సంగతేమిటంటే, ఈరమ్మ గచ్చిబౌలిలో వంశీ, ప్రియాంక అనే జంట ఇంట్లో వాళ్ల పాపను చూసుకునే పనిలో చేరింది. ప్రొద్దుటూరు వాళ్లు. మంచి మనుషులే. రాత్రుళ్లు పాప సరిగా పడుకోదు గనుక ఈరమ్మ అక్కడే ఉండాలి. ఆదివారం పొద్దున హఫీజ్‌పేటలోని తమ గదికి వస్తుంది, దీపాలు పెట్టే వేళకు తిరిగి వెళ్లిపోతుంది. లింగయ్యది హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసు గేటు దగ్గర పగటి డ్యూటీ. లోపలికి వెళ్లేవాళ్ల బ్యాగులు మిషన్ గుండా పంపించడం ఆయన పని. పొద్దు వాలేసరికి గదికి వచ్చేస్తాడు. వచ్చి ఏం చేస్తాడు? బియ్యం కడిగి పెడతాడు. రెండు గిన్నెలు తీసి, ఒకటి మళ్లీ లోపల పెడతాడు.

ఇద్దరున్నది ఒకే ఊళ్లో. రైలూ ఆటో కలిసినా పూట పట్టని దూరం. దుబాయి పోయిన వాళ్ల పెళ్లాలు ఎదురుచూస్తారంటే అర్థముంది, పక్క పేటలో ఉన్న పెళ్లాం కోసం ఈ వయసులో ఎదురుచూస్తున్నానని ఎవరితో చెప్పుకుంటాడు? చెప్పుకునే మనిషి కూడా కాదు.

ఆ ఇంట్లో ఒక నియమముంది. పాపను చూసుకునే మనిషి చేతిలో పెద్ద ఫోను ఉండకూడదు. ఫోను చూస్తూ పిల్లను మరిచిపోతారని వాళ్ల భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. కాబట్టి ఈరమ్మ దగ్గర ఉన్నది నొక్కుడు బటన్ల చిన్న ఫోను. లింగయ్య దగ్గర మాత్రం, కొడుకు రాకేష్ వాడి పక్కన పెట్టిన పెద్ద ఫోను ఉంది.

పాపతో పెద్ద పేచీ అన్నం దగ్గర. నోరు తెరవదు. తెరిచినా మింగదు. అందుకని ప్రియాంక భోజనాల బల్ల మీద ట్యాబ్ నిలబెట్టి, ప్రొద్దుటూరులో ఉన్న అత్తగారు అనసూయమ్మకు వీడియో కలిపేది. జేజి, అంటే ఆ నాయనమ్మ, అక్కడినుంచి చప్పట్లు కొడుతుంటే పాప ఇక్కడ నోరు తెరిచేది. ఒక సాయంత్రం జేజి ఎవరింటికో పేరంటానికి పోయింది. ఫోను ఎత్తలేదు. పాప ముద్దను ఉమ్మేసింది.

"ఆంటీ, మీ ఆయన నంబరు చెప్పండి" అంది ప్రియాంక.

"ఆయనా? ఆయన మాట్లాడడు మేడమ్."

"మొహమన్నా చూపిస్తాడు కదా. చెప్పండి."

అలా లింగయ్య ఫోను మోగింది. ఎత్తి చూస్తే తెర నిండా ఎవరి పిల్లవో బుగ్గలు, వెనకాల ఒక మూల ఈరమ్మ మొహంలో సగం. లింగయ్య చూస్తూ ఉండిపోయాడు. పాప కూడా చూస్తూ ఉండిపోయింది.

"ఏమన్న అనవయ్యా! బొమ్మలెక్క చూస్తున్నవ్" అంది ఈరమ్మ.

లింగయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇయ్యాల... మా ఆఫీసుల... కోతి ఒచ్చింది" అన్నాడు. "ఏడో అంతస్తు మీదికెక్కింది. లోపలున్న సార్లు దాన్ని చూసుడు, అది సార్లను చూసుడు."

పాప నోరు తెరిచింది. ఈరమ్మ ముద్ద పెట్టేసింది.

ఇక ఆ రోజునుంచి అదొక అలవాటయింది. లింగయ్యకు డ్యూటీలో కొత్త పని పడింది. పాపకు చెప్పడానికి రోజుకొక సంగతి ఏరుకోవాలి. గొడుగు తిరగబడి ఒకాయన రోడ్డంతా పరుగెత్తాడు. ఆఫీసు బస్సులోకి కుక్క ఎక్కి కూర్చుంది, దిగనంది. ఒకమ్మాయి టిఫిన్ డబ్బా మిషన్‌లోంచి రావడానికి మొరాయించింది. ఇలాంటివి. పొద్దుటినుంచి వాటిని మనసులో పెట్టుకుని మోసేవాడు. మాటలు పాపకు చెప్పేవాడుగానీ, చూపు మాత్రం తెర మూలకే ఉండేది. అక్కడ ఒక్కోసారి ఈరమ్మ గడ్డం కనిపించేది. ఒక్కోసారి ముద్ద కలిపే చేయి, చేతికి రెండు గాజులు. ఆమె నవ్వితే మొహం కనిపించకపోయినా తెలిసేది. పాప ఊగేది, ఆమె ఒళ్లో ఉంది గనుక.

వానలు మొదలయ్యే వేళకు ఆ ట్యాబ్‌కు ముసలితనం వచ్చింది. తీగ తగిలించి ఉంటేనే పనిచేసేది. తీగ పీకితే కళ్లు మూసుకునేది. సరిగ్గా అప్పుడే ప్రియాంకకు కొత్త ఉద్యోగం కుదిరింది. చిన్న కంపెనీ. ఫోనుల్లో వచ్చే యాప్‌లకు బొమ్మలు గీసి రంగులు వేసే పని, ఇంటినుంచే చేసుకోవచ్చు. కానీ కంప్యూటరు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఏది కొనాలి అన్న దగ్గర మొగుడూ పెళ్లాలకు పడింది.

ఆ వాదన అంతా అన్నం వేళకే జరిగేది. లింగయ్య ఇక్కడ కోతి గురించో కుక్క గురించో చెబుతుంటే, అక్కడ వెనకనుంచి వాళ్లిద్దరి గొంతులూ వినపడేవి.

"ట్యాబూ ల్యాప్‌టాపూ కలిపినవి ఉంటాయి కదా వంశీ, అదే తీసుకుందాం. కీబోర్డు తగిలిస్తే ల్యాప్‌టాప్, పీకేస్తే ట్యాబ్. పెన్నుతో తెర మీదే గీసుకోవచ్చు."

"అదంతా అంగట్లో చూసేదానికే బాగుంటాది. మనం సోఫా కమ్ బెడ్డు కొన్నాం, గుర్తుందా? కూచుంటే నడుం నొప్పి, పడుకుంటే మెడ నొప్పి."

"ఆ సోఫా ఎంచిందెవరు?"

"అంగట్లోవాడు చెప్పినాడు."

"నువ్వే ఎంచావు. రంగు బాగుందని."

ఈరమ్మ కిసుక్కున నవ్వేది. పాప ఊగేది.

మరునాడు మళ్లీ మొదలు. "ఒళ్లో పెట్టుకోని చూడు దాన్ని," అనేవాడు వంశీ. "కీబోర్డు అట్టముక్క మాదిరి ఊగుతాది. తెర వెనక్కి పడిపోతాది. అదే ల్యాప్‌టాప్ అనుకో, ఒళ్లో పెట్టుకో, మంచం మీద పెట్టుకో, కుదురుగా కూచుంటాది."

"కూచుంటుంది, లేవదు! బల్లకు కట్టేసిన బర్రె లాగా. దాని దగ్గరికి నేను పోవాలి. అది నా దగ్గరికి రాదు. నాకు చంకలో పిల్ల ఉంది వంశీ."

"పెద్ద ఫైళ్లు తెరిచినావంటే పెనం మాదిరి కాలుతాది, చూసుకో మరి."

"కాలితే దాని మీద దోసెలు పోస్తాలే నీకు."

లింగయ్యకు ఈ రెండు రకాలూ తెలుసు. రోజూ వందలమంది ఆయన ముందు ట్రేలో పెడతారు. మొదటిసారి ఒకమ్మాయి తన కంప్యూటరును ఆయన కళ్లముందే పుటుక్కుమని రెండుగా పీకితే, "అయ్యో, ఇరగ్గొట్టుకుంటివి గదా బిడ్డా!" అని కేక వేశాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వి, మళ్లీ అతికించి చూపింది. అప్పుడు వాటి గురించి అంతకుమించి ఆలోచించలేదు. ఇప్పుడు ఆ జాతి కంప్యూటరు ట్రేలోకి రాగానే చేత్తో తాకాలనిపించేది. అది కొంటే తెర ఊడి భోజనాల బల్ల మీదికి వస్తుంది. తెర వస్తే పాప వస్తుంది. పాప వెనక మూలన ఈరమ్మ వస్తుంది. ల్యాప్‌టాప్ అయితే తలుపేసిన గదిలో, ప్రియాంక ముందే ఉండిపోతుంది. ఇంత తేట లెక్క ఇంకొకటి లేదు. దేవుడా, ఆ ఊడొచ్చేదే కొనిపించు అని మొక్కుకున్నాడు కూడా.

మరి ఆ మనసు ఎందుకు తిరిగిందంటే, ఒక్క మాట వల్ల.

ఒక శనివారం సాయంత్రం, పాపకు పెరుగన్నం పెడుతున్నారు. ప్రియాంక వచ్చి వెనక నిలబడింది. మనసులో ఏ కల్మషమూ లేకుండానే అంది. "ఆంటీ, రేపు కూడా వాన అంటున్నారు. రోజూ తాతను చూస్తూనే ఉన్నారు కదా, ఇక ఆదివారం పూట ఆటోలూ రైళ్లూ పట్టుకుని అంత దూరం పోవడమెందుకు? ఇక్కడే కాస్త నడుం వాల్చండి. కొత్తది కొన్నాక తెర మీ గదిలోకే తెచ్చిస్తా, కావలసినంతసేపు మాట్లాడుకోండి."

లింగయ్య తెర మూలకు చూశాడు. గాజుల చేయి ముద్ద కలుపుతూనే ఉంది.

"గట్లనే మేడమ్" అంది ఈరమ్మ.

ఆ ఆదివారం ఆమె రాలేదు. వాన కూడా రాలేదు.

లింగయ్య గడప మీద కూర్చున్నాడు. పట్టాల మీద రైళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. మనుషులు దిగి సందులోకి నడిచి వస్తున్నారు. ఆయన మనసులో మెల్లగా ఒక సంగతి తేలింది. కిందటి ఆదివారం ఆమె వచ్చినప్పుడు కూడా తనకు మునుపటంత ఆత్రం లేదు. రోజూ మూలన ఇంత గడ్డం, ఇంత చేయి చూసి చూసి, కడుపు నిండినట్టే అయిపోతోంది. ఆమెకూ అంతే అయిందేమో. అందుకే "గట్లనే" అంది. కొత్త తెర వస్తే ఇక ఏ ఆదివారమూ రాదు. పాప పెద్దదవుతుంది. మళ్లీ ఇంకో పిల్ల పుడుతుంది. వీళ్లిద్దరూ ఇలాగే, ఆమె ఒక అద్దంలో, తాను ఒక అద్దంలో ముసలివాళ్లయిపోతారు. ఇప్పటికే అయ్యారు కదా, ఇంకా ఎక్కువ అయిపోతారు.

సోమవారం సాయంత్రం వీడియో కలిసింది. ఈసారి తెరలో వంశీ, ప్రియాంక ఇద్దరూ పాప పక్కనే కూర్చుని ఉన్నారు. ఇద్దరి మొహాల్లోనూ పంతం.

"తాతా, పంచాయితీ నీ దగ్గరికి తెచ్చినాం" అన్నాడు వంశీ. "రోజూ నీ గేట్లో బ్యాగులు చూస్తావు కదా. జనం ఏది మోస్తా ఉండారో నీకు తెలిసినంత మాకు తెలీదు. నువ్వేది అంటే అదే."

"ఒట్టు వేయించుకున్నా తాతా" అంది ప్రియాంక. ఆమె మొహంలో గెలిచేసిన నవ్వు ఉంది. తెర ఊడి రాకపోతే రోజూ సాయంత్రపు ముచ్చట పోయేది తాతకే కదా. తన పక్షం కాక ఎవరి పక్షం చెబుతాడు? "చెప్పు. ఊడొచ్చేదా, ఊడనిదా?"

పాప కూడా చెయ్యి ఊపింది. పాప వెనక, మూలన, ఈరమ్మ ఈసారి వంగి తెరలోకి చూసింది. మొహమంతా కనిపించింది. బొట్టు చెదిరి ఉంది. ముక్కుపుల్ల మెరిసింది.

"అనవయ్యా," అంది ఈరమ్మ. "అడుగుతున్నరు గదా పెద్దోళ్లు."

"ల్యాప్‌టాపే కొనుండ్రి సార్" అన్నాడు లింగయ్య.

వంశీ బల్ల గుద్దాడు. "అద్దీ! అనుభవమంటే అదప్పా!"

"తాతా! నువ్వు కూడా వంశీ జట్టేనా?" అని ప్రియాంక తల పట్టుకుంది.

ఈరమ్మ ఆయన్ను అలాగే చూసింది. తరవాత వెనక్కి జరిగిపోయింది. గడ్డం కూడా కనిపించలేదు. ఆ పూట పాప ఊగలేదు.

అన్న మాట ప్రకారం ల్యాప్‌టాప్ వచ్చింది. ప్రియాంక దాన్ని గదిలో పెట్టుకుని తలుపు వేసుకుంది. పాత ట్యాబ్ ఇంకో రెండు పూటలు కొట్టుకుని పూర్తిగా పోయింది. ఎటూ పోయింది కదా, ఇక తెర చూపించకుండా అన్నం పెట్టడం నేర్పుదాం, డాక్టరు కూడా అదే చెప్పాడు కదా అన్నాడు వంశీ. వాళ్ల ఫోనులు వాళ్ల పనులకే చాలడం లేదు.

లింగయ్య ఫోను సాయంత్రాలు మోగడం మానేసింది.

తాను కోరుకున్నదే జరిగింది. అయినా ఇంత ఖాళీగా ఉంటుందని అనుకోలేదు. గేటు దగ్గర వింతలు మాత్రం ఆగలేదు. వానకు ఆఫీసు ముందు నీళ్లు నిలిస్తే ఒకాయన బూట్లు చేత పట్టుకుని, మెడలో గుర్తింపు కార్డు పళ్లతో పట్టుకుని దాటాడు. చూడగానే లింగయ్య మనసులో అది పాపకు చెప్పే మాటగా తయారైపోయింది. అన్నం వేళకు గొంతుదాకా వచ్చింది. ఎవరికి చెప్పాలి? ఫోను తీసి, లుంగీ అంచుతో అద్దం తుడిచి, మళ్లీ బోర్లా పెట్టాడు.

చిన్న ఫోనుకు తానే చేశాడు.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్న."

"పాప తిన్నదా?"

"తింటది. ఆకలైతే తినదా."

"ఆదివారం..."

"పనున్నది" అని పెట్టేసింది ఈరమ్మ.

ఆ ఆదివారమూ రాలేదు. మధ్యాహ్నం రాకేష్ వచ్చాడు. మూసాపేటలో పెళ్లాంతో ఉంటాడు, ఆఫీసు క్యాబ్ నడుపుతాడు. తండ్రికి కోడలు పంపిన కూర డబ్బా ఇచ్చి, మంచం మీద కూలబడ్డాడు.

"ఏందే నాయినా, అమ్మతోని లొల్లి వెట్టుకున్నవంట?"

"నేనేమన్న?"

"ఏమనకుంటనే గదా నీ లొల్లి! 'మీ నాయినకు నా మొకం చూసి చూసి మొత్తిందిరా, అందుకే గా ఊడొచ్చే డబ్బా వద్దన్నడు' అంటున్నది. ఫోన్ల ఏడుస్తున్నది. నిజంగనే వద్దన్నవా?"

"ఆ."

"ఎందుకే?"

లింగయ్య కూర డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"సరే నాకు చెప్పకు. నేనేమన్న జడ్జినా? ఆమెకు చెప్పు" అన్నాడు రాకేష్. "ఫికర్ చేస్తున్నది. బీపీ మనిషి."

లింగయ్య లేచి అంగీ తొడుక్కున్నాడు. "జర గచ్చిబౌలి దించు" అన్నాడు.

రాకేష్ నోరు తెరిచి చూశాడు. ఆయన నోటినుంచి అలాంటి మాట వాడెప్పుడూ వినలేదు. ఇంకేమీ అడగకుండా బండి తీశాడు.

ఆ అపార్టుమెంట్ల గేటు ముందు లింగయ్యను దించి, బండి పెట్టుకునే చోటు వెతుక్కుంటూ రాకేష్ ముందుకు పోయాడు. గేటు దగ్గర కాపలా కుర్రాడు ఆపాడు. "ఎవరు గావాలె తాతా? ఫ్లాటు ఓనరు ఫోన్ల ఓకే గొట్టాలె, గప్పుడే లోపలికి. పనోళ్ల సుట్టాలనైతే అసలుకే పంపరు."

"ఎర్క" అన్నాడు లింగయ్య. తన గేటు దగ్గర తానూ రోజూ చెప్పే మాటే. చిన్న ఫోనుకు చేసి, "కింద ఉన్న" అని మాత్రం అన్నాడు.

ఈరమ్మ వచ్చింది. పాపను తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని, కాళ్లకు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వచ్చింది. ఎవరికేమైందోనన్న భయం మొహంలో ఉంది. ఊచల గేటుకు అటు ఆమె, ఇటు ఆయన.

"ఏమైంది? రాకేష్ గాడు మంచిగున్నడా?"

"అందరు మంచిగనే ఉన్నరు."

"మరి?"

పాప తలెత్తి ఆయన్ను చూసింది. ఇన్నాళ్లూ మాట్లాడిన తాతే కదా, నవ్వుతుందనుకున్నాడు. పాప పెదవి వంచి, ఒక్కసారిగా బేరుమంది.

"అయ్యో, తాతనే బిడ్డా, కోతి తాత" అని ఈరమ్మ ఎత్తుకుని ఊపింది. కోపంలో ఉండి కూడా నవ్వు ఆగలేదు. "జానెడు తాతనే ఎర్క దానికి. గింత నిలువు తాతుంటడని అనుకోలే."

లింగయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు అయిపోకముందే చెప్పేయాలనుకున్నాడు.

"నీ మొకం మొత్తి కాదు" అన్నాడు.

ఈరమ్మ నవ్వు ఆపింది. "మరి దేనికి? దినాం జరసేపన్న చూసుకుంటుంటిమి. నువ్వు నోరిప్పి నాలుగు ముచ్చట్లు చెప్తుంటే ముద్ద కలుపుకుంట ఇనేదాన్ని. గింత ముసలి ఉమ్మరు వెట్టుకొని ఇప్పుడు మాటలొచ్చినయి మా ఆయనకు అని మేడమ్‌కు చెప్పి మురిసిపోయిన. గది కూడ నీకు బరువైందా?"

"తెర నిండ పాపనే ఉంటది" అన్నాడు లింగయ్య. "నువ్వు మూలకు జరంత కనిపిస్తవు. ఓనాడు చెయ్యి. ఓనాడు గదువ. గా జరంత చాలనిపియ్యబట్టింది నాకు. భయమైంది."

ఈరమ్మ పాప వీపు మీద వేసిన చేయి అలాగే ఉండిపోయింది.

"మేడమ్ ఆదివారం పోవద్దంటే నువ్వు గట్లనే అన్నవు" అన్నాడు ఆయన మళ్లీ. ఊచలు పట్టుకుని, ఆమెను కాక ఊచలను చూస్తూ అన్నాడు. "కొత్తది కొంటే ఇగ నువ్వు రావు. ఇంటికి రా ఈరమ్మా. పని చెయ్యొద్దనను. పొద్దుగాల రా, చేసుకో, మాపటికి ఇంటికి రా."

ఇన్నేళ్లలో ఆయన ఒకేసారి అన్ని మాటలు ఆమెతో అనలేదు. ఈరమ్మ కళ్లు తుడుచుకోలేదు, చేతుల్లో పాప ఉంది. "గట్లనే అనక ఏమందు? నువ్వొక్కనాడన్న రమ్మన్నవా?" అంది. "వచ్చినప్పుడు రానిస్తవు, పోయినప్పుడు పోనిస్తవు. ఒక్కనివి ఉండుడు నీకు మంచిగనే ఉన్నదేమో అనుకున్న. మాటలేని మనిషికి నిమ్మళంగ ఉంటది గదా, నా లొల్లి లేక."

"నిమ్మళమే ఉన్నది" అన్నాడు లింగయ్య. "గదే బాగలేదు."

ఆమె పాపను బండిలో కూర్చోబెట్టి, "ఈడనే ఉండు, పోకు" అని లోపలికి తోసుకుపోయింది.

కాపలా కుర్రాడు అంతా విని, విననట్టు రోడ్డువైపు చూస్తున్నాడు. కాసేపటికి తన ప్లాస్టిక్ కుర్చీని గేటు సందులోంచి బయటికి జరిపి, "కూసో తాతా" అన్నాడు. లింగయ్య కూర్చోలేదు. లిఫ్టు తలుపులు తెరుచుకున్న ప్రతిసారీ మెడ చాచి చూశాడు. ఎవరెవరో దిగారు. కుక్కపిల్లతో ఒకామె, సైకిలుతో ఇద్దరు పిల్లలు.

ఈరమ్మ దిగింది. చేతిలో సంచి లేదు. అది చూడగానే లింగయ్యకు సగం అర్థమైంది.

"చెప్పిన" అంది ఆమె. "మేడమ్ మొకం చిన్నగ చేసుకున్నది. పాపం, కొత్త పని, ఇప్పటికిప్పుడు ఎట్ల ఆంటీ అన్నది. రాత్రిపూట పాప నా పక్కలనే పండుకుంటది, ఎర్కనే గదా. దసరాకు ప్రొద్దుటూరు నుంచి అత్తమ్మొచ్చి ఉంటదంట. గప్పటినుంచి నువ్వు మాపటికి పోయిరా అన్నది. ఆదివారమైతే ఇగ పక్కా. గప్పటిదాంక ఆగాలె." ఆగి, మొగుడి మొహంలోకి చూసింది. "ఆగుతవా?"

ఆషాఢం ఇంకా నడుస్తూనే ఉంది. దసరా ఎక్కడ?

"ఆగ" అన్నాడు లింగయ్య.

ఈరమ్మ విస్తుపోయింది. తరవాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అమ్మో, ఆగడంట! ఆగక ఏం చేస్తవు? గేటు దుంకుతవా?"

"దినాం వస్త."

"ఏడికి?"

"ఈడికే. డ్యూటీ దిగి. నువ్వు పాపను కిందికి తీస్కరా, బువ్వ ఈడ పెట్టు."

"లోపలికి రానియ్యరు నిన్ను."

"బయటనే ఉంట."

కాపలా కుర్రాడు ఇక ఉండబట్టలేక నవ్వేశాడు. "రానియ్యమ్మా, గేటు బయట నిలవడితే నా అబ్జెక్షన్ లేదు" అన్నాడు. ఆమె వాడిని కసిరింది. కసురులో కోపం లేదు.

మర్నాటినుంచి లింగయ్య డ్యూటీ దిగి హఫీజ్‌పేట రైలు ఎక్కడం మానేశాడు. ఆఫీసు బస్సుల మధ్యనుంచి, చల్లుతున్న బురదనుంచి తప్పించుకుంటూ షేరు ఆటోలో గచ్చిబౌలికి వచ్చేవాడు. మొదటి రెండు రోజులూ పాప ఏడ్చింది. తరవాత ఆయన్ను చూడడం మాని, రోడ్డు మీద పోయే బస్సులను చూస్తూ నోరు తెరిచింది. చెప్పే కథలతో దానికి అవసరం లేకపోయింది. లింగయ్యకు కూడా లేకపోయింది. ఆయన మళ్లీ మాట తగ్గించేశాడు. ఈరమ్మే మాట్లాడేది. పాపకు వస్తున్న పళ్ల గురించి, మేడమ్ కొత్త ల్యాప్‌టాప్ బరువు గురించి, దాన్ని ఎత్తినప్పుడల్లా తాతను తలుచుకుని తిట్టే తిట్ల గురించి. ఆయన వినేవాడు. వింటూ ఆమె కాళ్లనుంచి తలదాకా చూసుకునేవాడు. చెప్పులు అరిగాయి. చీర కుచ్చిళ్ల మీద పెరుగు మరక. చెవి వెనక తెల్ల వెంట్రుకలు తడిసి మెడకు అతుక్కున్నాయి. తెర మూలన ఇవేవీ కనిపించలేదు.

గిన్నె ఖాళీ అయ్యాక ఆమె పాప మూతి తుడిచి, "ఇగ పో. వానొస్తది" అనేది. అని బండి తిప్పుకుని వెళ్లేది. ఆమె వెనక్కి తిరిగి చూడదు. తిరిగి చూస్తే బండి చక్రం పూలకుండీకి తగులుతుంది. లింగయ్య మాత్రం లిఫ్టు తలుపులు దగ్గరపడేదాకా, ఆ సందులో ఆమె చీర రంగు సన్నటి గీతై మాయమయ్యేదాకా ఊచలు పట్టుకుని నిలబడేవాడు.